రెండు బండ్లు, ఒక మంచం

పోయిన వారం నాగమణమ్మను మనం పత్తర్‌గట్టి ఇంటి వంటగదిలో వదిలి వచ్చాం. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నాయి, ఆమె చూడటం లేదు. గుమ్మంలో నిలబడి మరిది వైకుంఠం అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. "సోమవారం పొద్దుగూకే లోపల ఏ బండి కావాల్నో చెప్పాలె వదినా. లేకుంటే రెండూ చెయ్యిజారిపోతయి."

బండి మాట ఆ ఇంట్లోకి ఎందుకొచ్చిందో కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలి. ఆమె భర్త అమరనాథ్ నలభై ఏళ్లు జరీ చీరలమ్మినవాడు. రెండేళ్ల కిందట దుకాణంలో ఒక చీర మడత పెడుతూ పెడుతూ కూలిపోయాడు. కుడివైపు పడిపోయింది. మాట ముద్దయిపోయింది. ఆ ముద్దమాట నాగమణమ్మకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఆయన అంటాడు, ఆమె విని పదిమందికి చెబుతుంది. డాక్టరు వచ్చినా అంతే, దుకాణం గుమాస్తా వచ్చినా అంతే. ఈ ఉగాది నాడు ఆయన కాశీ పోవాలన్నాడు. రైలు అనేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నలుగురు కూలీలు కుర్చీలో మోసుకుపోతుంటే ప్లాట్‌ఫారం అంతా నోరు తెరిచి చూడటం, పెట్టెలో పరాయివాళ్ల మధ్య పక్కలో పాత్ర పెట్టించుకోవడం ఆయన వల్ల కాదు. అందుకని ఇల్లే కదిలి పోవాలనుకున్నారు. మంచం, పొయ్యి, వేసుకోవడానికి ఒక తలుపు ఉన్న బండి కావాలి. అలాంటివి హైదరాబాదు మొత్తానికి రెండు దొరికాయి.

సోమవారం ఉదయం ఏడు గంటలకే పురానాపూల్ పక్కన ఖాళీ జాగాలో ఆ రెండూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వైశాఖమాసపు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మూసీలో పచ్చగడ్డి కోసి మోపులు కడుతున్న ఆడవాళ్లు పని ఆపి మరీ చూస్తున్నారు.

మొదటిది పెట్రోలు బండి. ఒక జాగీర్దారు షికారుకు పోవడానికి విలాయత్ నుంచి తెప్పించుకున్నది. జాగీరు పోయింది, షికారు పోయింది, ఆయనా పోయాడు. బండి మాత్రం ఇరవై ఏళ్లుగా షెడ్డులో ఉండి ఉండి మొన్ననే బయటికొచ్చింది. లోపల గోడలకు టేకు చెక్క, కిటికీలకు వెలిసిపోయిన మఖ్మల్ తెరలు, మడత మంచం, చేతులు కడుక్కునే చిన్న తొట్టి కూడా ఉన్నాయి. రెండోది డీజిలు బండి. ఏదో సర్కారు శాఖవాళ్లు వేలం వేసిన పొట్టి బస్సు. సీట్లు పీకేశారు. బోల్టులు ఊడిన చిల్లులతో నేల, రేకు గోడలు. ఉన్న దానికన్నా లేనిదే ఎక్కువ.

"రాజన్నా, నీకు తెలిసినంత నాకు తెల్వది. నువ్వే చెప్పు," అంది నాగమణమ్మ.

రాజన్నది గౌలిపుర. ముప్ఫై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి పోయినేడే రిటైరయ్యాడు. దుకాణం వ్యానుకు మొదటి నుంచీ ఆయనే వైద్యుడు. కాశీదాకా తానే నడుపుతానని ఒప్పుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుని, తొందరపడకుండా రెండు బండ్లనూ ఒకసారి చూశాడు.

"అమ్మా, ఈ పెట్రోల్ బండి నవాబు లెక్క. నడిచినంతసేపు మస్తుగ నడుస్తది. లోపల పండుకున్నోళ్లకు నడుస్తున్నట్టే తెల్వదు. కని అలిగిందనుకోండ్రి, బతిమాలేటోడు దొరకడు. దీని సామాను ఈ ఊర్లనే లేదు. ఆదిలాబాద్ దాటినంక అడవి. అక్కడ ఆగిందంటే మనం గూడ దాంతోపాటే ఆగాలె. అరబ్బులు లొల్లి చేసి నూనె బందువెట్టినప్పటి సంది పెట్రోల్ ధర ఎట్లున్నదో మీకెరికే. ఇది తాగినట్టు ఏదీ తాగదు. ఇంకోటి, బండ్లనే వంట అంటున్నరు. ఇక్కడ కిర్సనాయిలు స్టవ్, ఆ కింద పెట్రోల్ ట్యాంకీ. మీరు పాలు కాగబెట్టినప్పుడల్లా నా పానం నా చేతుల ఉండదు."

"మరి అది?"

"అది మా డిపో బండ్ల జాతిదే. లొల్లి చేస్తది, పొగ గక్కుతది, ఒళ్లు హూనం చేస్తది. కని ఆగదు. ఆగినా ఏ లారీల అడ్డ దగ్గరైనా దాన్ని బాగుచేసేటోడు ఉంటడు. కాశీకి పోతది, మళ్ల పత్తర్‌గట్టికి తెచ్చి దించుతది. ఆ ఒక్క మాట ఈ నవాబు మీద నేను చెప్పలేను. దీన్ని కాశీదాకా ఎట్లనో గట్ల లాక్కపోత. తిరిగి తెచ్చుడు మాత్రం నాతోని కాదు."

నాగమణమ్మకు వింటున్నంతసేపూ నిలబడి ఉండటమే కష్టంగా ఉంది. నడుంలో ఎడమపక్క నొప్పి పొద్దున లేచినప్పటి నుంచీ వదలడం లేదు. రెండేళ్లుగా రోజుకు ఆరేడు సార్లు ఆయన్ను పక్కకు తిప్పీ తిప్పీ వచ్చిన నొప్పి అది. బేరం ముగిసి ఇంటికి పోయి పావుగంట కళ్లు మూసుకుంటే చాలనిపించింది. కానీ రాజన్న ఒప్పుకోలేదు. "పండేటాయన పండి చూడాలె అమ్మా. మనం నిలబడి చూస్తే ఏం తెలుస్తది?" అన్నాడు. ఆ మాటా నిజమే.

వైకుంఠం, రాజన్న కలిసి అమరనాథ్‌ను టాంగాలోంచి దుప్పటితో సహా ఎత్తి పెట్రోలు బండిలో మంచం మీద పడుకోబెట్టారు. ఆమె పక్కన కింద కూర్చుంది. బండి కదిలింది. కదిలిన సంగతి కిటికీలో చింతచెట్లు వెనక్కి పోతుంటేనే తెలిసింది. ఆయన మొహంలో ముడతలు ఒక్కొక్కటే సడలాయి. ఎడమచేత్తో గోడ చెక్కను తడిమాడు. పాత కస్టమరు తెచ్చిన పట్టును వేళ్ల మధ్య పెట్టి చూసినట్టు చూశాడు. ఆ చూపు చూసి ఎన్నాళ్లయిందోనని ఆమె అనుకుంటుండగానే, ముందునుంచి రాజన్న గొంతెత్తాడు.

"సేఠ్! ఎట్లున్నది? పోను బాగనే ఉన్నది, రాను మాత్రం దీంతోని మస్తు తిప్పలు!"

అమరనాథ్ పెదవులు కదిపాడు. వేరేవాళ్లకు అది మూలుగు. ఆమెకు మాత్రం అక్షరం అక్షరం వినబడింది.

"వచ్చుడు ఎందుకు? పోతే చాలు."

ఆమె చేతిలోని విసనకర్ర ఆగిపోయింది.

"ఏమన్నరమ్మా సేఠ్?" అన్నాడు రాజన్న.

ముందు సీట్లోంచి వైకుంఠం కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. రెండేళ్లలో ఆయన అన్న మాట ఒక్కటి కూడా మార్చి చెప్పలేదు. డాక్టరును తిట్టినా తిట్టినట్టే చెప్పింది. తనను తిట్టినా పదిమందిలో తల వంచుకుని చెప్పింది.

"బాగున్నదంట," అంది. "బండి మెత్తగున్నదంటున్నరు."

అమరనాథ్ ఆమె వంక చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

వైకుంఠం ముందుకు తిరిగిపోయాడు. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఎండకు కాబోలు అనుకుంది.

మళ్లీ ఖాళీ జాగాకు వచ్చి, మనిషిని దించి, డీజిలు బండిలోకి ఎక్కించేసరికి ముగ్గురికీ చెమటలు కారాయి. మంచం లేదు. నేల మీద రెండు బొంతలు పరిచారు. రాజన్న తాళం తిప్పగానే బండి మొత్తం ఒకసారి దగ్గి, వణికి, రేకులన్నీ ఒక్కసారే మోగాయి. నల్లటి పొగ కిటికీలోంచి లోపలికే కొట్టింది. అమరనాథ్ మొహం ముడుచుకుపోయింది. ఆమె గబుక్కున ఆయన తలను ఒళ్లోకి తీసుకుంది. రాళ్లబాట మీద ఎగిరినప్పుడల్లా ఆ కుదుపు ఆయన తలలోంచి ఆమె తొడల్లోకి, అక్కడినుంచి నడుంలోకి ఎక్కుతోంది.

ముందు కూర్చున్న ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నా అరుచుకుంటున్నారు. వెనక ఏం జరుగుతోందో వాళ్లకు వినబడే వీలే లేదు. అత్తగారి కాలం నుంచీ ఎవరో ఒకరు వింటూనే ఉండే ఇంట్లో బతికిన ఆమెకు, ఆ ఇంజను రొదలో ఎప్పుడూ దొరకని ఏకాంతం దొరికింది. వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"మీరన్నది నాకు వినబడ్డది. వచ్చుడు ఎందుకు అన్నరు."

"నువ్వు రాజన్నకు అబద్ధం చెప్పినవ్." ఆయన ముద్దమాట కోసం ఆమె చెవిని పెదవులకు ఆనించాల్సి వచ్చింది.

"చెప్పిన. ఏం చెప్పమంటరు మరి? మా ఆయన కాశీల చచ్చిపోతందుకు బండి చూస్తున్నడని చెప్పమంటరా? మీరు దర్శనం అన్నరు, నేను నమ్మిన. ఇత్తడి సామాన్లమ్మే రుక్మిణమ్మక్క దగ్గర పోయి గంగ నీళ్లకు చెంబులు గూడ తెచ్చిన. మీరు అక్కడనే ఉంటే, నేను?"

ఆయన ఒక్కో మాటను లోపలినుంచి మోసుకొచ్చినట్టు చెప్పాడు.

"నువ్వు అలసినవ్."

ఆ రెండు మాటలు ఆమె ఒంట్లో ఎక్కడో కట్టి పెట్టుకున్న ముడిని విప్పేశాయి. కోపమో ఏడుపో తనకే తెలియలేదు.

"ఔ, అలసిన!" అంది గట్టిగానే. అరిచినా వినేవాళ్లు లేరు. "రెండేండ్ల సంది ఒక్క రాత్రి సక్కగ పండలేదు. నడుము నా నడుమనిపిస్తలేదు. అద్దంల మొహం చూసుకోక ఎన్నాళ్లయిందో తెల్వది. బాయికాడ ఆండాలు ముందర ఏడ్చిన గూడ. ఎన్ని రోజులే గిట్ల అన్న."

"విన్న," అన్నాడు ఆయన.

బావి పక్కనే ఆయన గది కిటికీ. సంక్రాంతి పోయిన కొత్తలో, ఒక మధ్యాహ్నం, దుప్పట్లు ఉతికి పిండుతూ పొరుగింటి ఆండాలుతో అన్న మాట అది. ఆయన నిద్రపోతున్నాడనుకుంది. ఆ తర్వాతే ఉగాది వచ్చింది. ఆ తర్వాతే కాశీ మాట వచ్చింది. ఇన్నాళ్లూ భక్తి అనుకున్నది ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"విని, గిదా మీరు చేసేది? అలసిన అంటే దించేస్త అనా? అలసినోళ్లు కూసుంటరు. నీళ్లు తాగుతరు. మళ్ల లేస్తరు. నేను అన్నది గంతే. మీకు చెప్పుకోలేక దానికి చెప్పుకున్న. గా మాటకు మీరు నన్ను విడిచిపెట్టి పోతరా?"

బండి పెద్ద గుంతలో పడి లేచింది. ఆయన నొప్పితో కేక పెట్టాడు. ఆమె రెండు చేతులతో ఆ తలను గట్టిగా పొదివి పట్టుకుని, "ఆపు రాజన్నా, ఆపు!" అని అరిచింది. రొదలో ఆ కేక వాళ్లకు చేరడానికి ఇంకో ఫర్లాంగు పట్టింది.

ఇంజను ఆగాక వచ్చిన నిశ్శబ్దం చెవుల్లో గుయ్‌మంది. రాజన్న వెనక తలుపు తెరిచి లోపలికి చూశాడు. అమరనాథ్ కళ్లలో నీళ్లు, ఆమె కళ్లలో నీళ్లు. పొగ వల్ల అనుకున్నాడో, అలా అనుకున్నట్టు నటించాడో గానీ, మంచినీళ్ల కూజా అందించి కాసేపు పక్కకు పోయి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి అన్నాడు.

"స్ప్రింగు పట్టీలు కొన్ని తీసేసి, మంచం కింద లారీ ట్యూబులు వేస్తే ఈ కుదుపు సగం తగ్గుతదమ్మా. పొగ గొట్టం వెనకకు తిప్పుత. ఫికర్ చెయ్యకుండ్రి. కని రొద మాత్రం ఉంటది. ఇగ మీరే చెప్పాలె. సేఠ్ ఏమంటున్నరు?"

నాగమణమ్మ చీర చెంగుతో ముందు ఆయన మొహం తుడిచింది, తర్వాత తన మొహం తుడుచుకుంది.

"ఆయన పెట్రోల్ బండే అంటున్నరు. ఇందాక నేను నీకు మార్చి చెప్పిన రాజన్నా. పోతే చాలు, వచ్చుడు ఎందుకన్నరు ఆయన. నేను డీజిల్ అంటున్న. పోతం, దర్శనం చేస్తం, ఇద్దరం తిరిగొస్తం. దారిపొడుగునా ఆయన నన్ను తిట్టినా సరే."

రాజన్న తల వంచుకున్నాడు. అమరనాథ్ కళ్లు తెరవలేదు. అప్పటిదాకా బానెట్టుకు ఆనుకుని నిలబడ్డ వైకుంఠం నాలుగడుగులు ముందుకొచ్చి తలుపు రేకు పట్టుకున్నాడు.

"తిరిగొచ్చుడు గంత అల్కగ తెగేది కాదు వదినా," అన్నాడు. "అన్న నాకు రాసిచ్చిండు."

"రాసిచ్చుడేంది? ఆయన చెయ్యి..."

"ఎడమచేత్తోని. మాపటిపూట నువ్వు వంట చేసుకుంటుంటే నేను వచ్చి కూసుంటుంటి కదా. నాలుగు నెలల సంది పలక మీద నేర్చుకుంటున్నడు. నీకు చెప్పొద్దన్నడు."

చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. నాగమణమ్మ అందుకుని విప్పింది. చీమలు తడబడి నడిచినట్టు వంకర టింకర గీతలు, కుడినుంచి ఎడమకు. ఉర్దూ. ఆయన నిజాం జమానాలో చదువుకున్నవాడు, రాయడానికి చేతికొచ్చేది ఆ అక్షరాలే. ఆమెకు తెలుగు తప్ప రాదు. రెండేళ్లుగా ఆయన నోరు తానే అనుకుంది. ఆ నోటికి తెలియకుండా ఆయన ఇంకో నోరు సంపాదించుకున్నాడు. కాగితాన్ని తిరిగి మరిదికే చాపింది.

"చదువు వైకుంఠం."

"నా నోటితోని కాదు వదినా. నీ మొహం చూస్త చదవలేను. రాజన్నకు ఉర్దూ వస్తది. ఆయననే చదవమను."

రాజన్న అద్దాలు పెట్టుకుని కాగితాన్ని వెలుతురుకు తిప్పాడు. ముందు తనలో తాను చదువుకున్నాడు. ఒకసారి అమరనాథ్ వైపు చూసి గొంతు సవరించుకుని, తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"తమ్మీ, బండి నాగపూర్ మీదికెళ్లి పోనియ్యి. అక్కడ పెద్దబిడ్డ ఇల్లున్నది. అడ్రస్ దేవుని పటం వెనక మీ వదిన దాచిపెట్టుకున్న కార్డు మీద ఉంటది. నాకు ఎప్పటి సందో ఎరికే. నాగమణిని అక్కడ దింపు. బిడ్డ దగ్గర ఉండనియ్యి. ఆమె ఇగ మొయ్యొద్దు. నన్ను కాశీల పానం విడిచేటోళ్లుండే సత్రం గదిల పండబెట్టి నువ్వు రైలెక్కి రా. బండి ఎవరికైనా ఇచ్చెయ్. తిరిగొచ్చేటిది అక్కర్లేదు."

మూసీ మీదినుంచి వేడిగాలి వీచింది.

మొదటి నుంచీ ఈ కథ చదువుతున్నవాళ్లకు సుందరమ్మ, ఇంట్లోవాళ్లు పిలిచే సుందరి, గుర్తుంటుంది. పదకొండేళ్ల కిందట, రైల్వేలో చేరిన ఒక క్రైస్తవ యువకుణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన పెద్దకూతురు. ఆ రోజే అమరనాథ్ ఆ పేరు ఇంట్లో వినబడకూడదన్నాడు. వినబడలేదు. ఏడాదికొక్క కార్డు మాత్రం ఆండాలు ఇంటికి వచ్చేది. నాగమణమ్మ దాన్ని పటం వెనక దాచుకుని, పూజ చేసినప్పుడల్లా ఆ పటాన్ని కాస్త ఎక్కువసేపు తుడిచేది. ఈ ఏడాది మాత్రం కార్డు రాలేదు. ఎవరినని అడుగుతుంది? భర్తకు తెలియకూడని విషయమని నోరు కుట్టుకుని కూర్చుంది. ఆయనకు ఎప్పటినుంచో తెలుసట.

ఆమె నెమ్మదిగా బండి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. వెనకనుంచి ఒక చల్లటి చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది. ఎడమచెయ్యి.

"సుందరి," అన్నాడు అమరనాథ్.

ఆ ఒక్క మాటను ఆమె ఎవరికీ తిరిగి చెప్పాల్సిన పని లేకపోయింది. రాజన్న విన్నాడు, వైకుంఠం విన్నాడు. పదకొండేళ్ల తర్వాత ఆ పేరు ఆయన నోట ముద్దగానే వచ్చింది, కానీ అందరికీ అర్థమయ్యేలా వచ్చింది.

"ఆమెకు తెలుసునా, మేం వస్తున్నమని?" అని అడిగింది నాగమణమ్మ, ఎవరి వంకా చూడకుండా.

"పదిహేను రోజుల కింద నేనే రాసిన వదినా. బండి మాట, అన్న మాట, అన్నీ రాసిన." వైకుంఠం ఇంకో జేబులో చెయ్యి పెట్టాడు. "శనివారం దుకాణానికి జవాబొచ్చింది. కవరు నీ పేరు మీద ఉన్నది. నేను విప్పలేదు. ఇయ్యాల బండి తేలినంక ఇద్దామనుకున్న."

నీలం రంగు కవరు. మీద నాగపూర్ ముద్ర స్పష్టంగా ఉంది. నాగమణమ్మ దాన్ని అందుకుని మోకాళ్ల మీద పెట్టుకుంది. తన పేరు, పత్తర్‌గట్టి, హైదరాబాదు, అన్నీ తెలుగులోనే రాసి ఉన్నాయి. చిన్నప్పుడు వేలు పట్టి అ ఆలు దిద్దించింది తానే. ఏడాదికొక్క కార్డునే వందసార్లు చదువుకున్నది తానే. ఆ చేతిరాత చీకట్లో చూపించినా గుర్తుపడుతుంది.

కవరు మీద రాత సుందరిది కాదు.